గీత ఎక్కడ గీయాలి: మన్యం డైరీ నుంచి

జూలై 8, 2025, పాడేరు

రెండ్రోజులుగా ముసురు వదలడం లేదు. మెడికల్ కాలేజీ వెనక కొండ సగం దాకా మబ్బు దిగి ఉంది. విశాఖలో మెడికల్ కాలేజీ పెట్టింది 1923లో. అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఘాట్ రోడ్డుకు ఇవతల, ఈ కాలేజీ మొదలైంది 2024లో, 50 ఎంబీబీఎస్ సీట్లతో. మధ్యలో నూటొక్క ఏళ్లు. ఇన్నేళ్లూ పెద్ద జబ్బు చేస్తే మన్యం వాళ్లకు తెలిసిన దారి ఒకటే: కిందికి, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి. అన్నీ సవ్యంగా సాగితే 2030 ప్రాంతంలో ఇక్కడి మొదటి బ్యాచ్ హౌస్ సర్జన్సీ ముగించుకుని బయటికొస్తుంది.

టీ తాగుతుంటే ఒక సీనియర్ అన్నారు: "కొత్త కాలేజీ, కొండమీద పిల్లలు. పరీక్షల్లో కాస్త చూసీచూడనట్టు పోవాలమ్మా." ఆయన మనసు మంచిదే. మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. చూసీచూడనట్టు వదిలేసిన లోటు ఎక్కడికీ పోదు. ఐదారేళ్ల తర్వాత ఏదో ఒక గూడెంలో, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పిల్ల మంచం దగ్గర బయటపడుతుంది. అక్కడ సరిదిద్దడానికి ప్రొఫెసరు ఉండరు, పక్క వార్డులో సీనియర్ ఉండరు.

జూలై 11, ముంచంగిపుట్టు మండలం

కింది కాలేజీ నుంచి మా దగ్గరికి వచ్చిన హౌస్ సర్జన్లతో ఒక పీహెచ్‌సీకి వచ్చాను. నాలుగేళ్ల పిల్లకు మూడు రోజులుగా చలిజ్వరం. మా కుర్రాడు మలేరియా కిట్టు విప్పాడు. వేలు స్పిరిట్‌తో తుడిచాడు, ఆరనిచ్చాడు, పొడిచాడు, రక్తం చుక్క గుంటలో వేశాడు, బఫర్ వేశాడు. చెయ్యి వణకలేదు. ముచ్చటేసింది. ఐదు నిమిషాలు గడిచాక కిట్టు చూసి, "నెగెటివ్, మేడమ్" అని పక్కన పెట్టి తర్వాతి రోగిని పిలిచాడు.

గుమ్మం దగ్గర కూర్చున్న ఆశా కార్యకర్త ఏమీ అనలేదు. కిట్టును తన వైపు జరుపుకుంది. ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ కూర్చుంది. పదిహేను నిమిషాలు దాటాక నా దగ్గరికి తెచ్చి చూపించింది. ఫాల్సిపేరం మలేరియా గుర్తు దగ్గర సన్నగా, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గానీ కనిపించని గీత.

పిల్లకు ఆ పూటే మందు మొదలుపెట్టాం. కుర్రాడి ముఖం నల్లబడింది. వాడు తెలివితక్కువవాడు కాదు. ఈ పరీక్ష గురించి ప్రశ్న ఇస్తే పదికి తొమ్మిది తెచ్చుకుంటాడు. పదిహేను నిమిషాలు ఆగాలని కూడా రాస్తాడు. బయట ఇరవై మంది రోగులు వరుసలో ఉన్నప్పుడు ఆగుతాడా లేదా అన్నది మాత్రం ఇన్నేళ్లలో ఏ పరీక్షా వాడిని అడగలేదు.

జూలై 12

వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో చెప్పింది సరిగ్గా ఇదే. వైద్య విద్యార్థి సామర్థ్యానికి నాలుగు అంచెలున్నాయన్నాడు. అడుగున: తెలుసు. దానిపైన: ఎలా చేయాలో తెలుసు. ఆపైన: చేసి చూపించగలడు. కొసన: నిజంగా చేస్తున్నాడు. మన థియరీ పేపర్లన్నీ కింది రెండు అంచెల్లోనే తిరుగుతాయి. ప్రాక్టికల్ మూడో అంచెను తాకి వస్తుంది. నాలుగోది నిన్న పీహెచ్‌సీలో చూశాను. దాన్ని రోజూ చూస్తున్నదీ, మాటా పలుకూ లేకుండా లోటు పూడుస్తున్నదీ ఆ ఆశా కార్యకర్త.

జూలై 19, అరకు

యాభై అనే అంకె గురించి ఆలోచిస్తున్నాను. ఎంబీబీఎస్‌లో పాస్ కావాలంటే 50 శాతం. ఎవరు వేసిన లెక్క? ఏ రోగిని తలుచుకుని వేసిన లెక్క? 2023లో నేషనల్ మెడికల్ కమిషన్ రెండు పేపర్లున్న సబ్జెక్టుల్లో దాన్ని 40కి దించింది. గొడవయ్యాక కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకుంది. అప్పుడు వాదించుకున్న వాళ్లందరూ అంకె గురించే వాదించుకున్నారు. పేపరు గురించి ఎవరూ మాట్లాడలేదు.

పేపరు సులువుగా ఇస్తే ఏమీ రానివాడికీ 50 వస్తుంది. మెలికలు పెట్టి ఇస్తే రేపు మంచి డాక్టరు కాగలవాడికీ 45 దగ్గర ఆగిపోతుంది. మార్చిలో 50, సెప్టెంబరు సప్లిమెంటరీలో 50, ఈ కాలేజీలో 50, ఆ కాలేజీలో 50: కాగితం మీద అన్నీ ఒకటే. రోగికి ఒకటి కావు.

ఆగస్టు 2

ఈరోజు మా విభాగంలో యాంగాఫ్ పద్ధతి చేసి చూశాం. విలియం యాంగాఫ్ అమెరికాలో పరీక్షల శాస్త్రం తెలిసిన మనిషి. 1971లో ఒక పెద్ద వ్యాసంలో దాదాపు పక్కమాటగా చెప్పి వదిలేసిన ఆలోచన ఇది. ఇవాళ ఎన్నో దేశాల్లో వైద్య పరీక్షల పాస్ మార్కు దాని మీదే నిలబడింది.

పద్ధతి చెప్పుకోవడానికి సులువు. పరీక్షకు ముందే టీచర్లందరూ కూర్చుని ఒక విద్యార్థిని ఊహించుకోవాలి: గట్టెక్కడానికి సరిగ్గా సరిపడా వచ్చినవాడు, అంతకు ఒక్క వీసం ఎక్కువ రానివాడు. అలాంటివాళ్లు వంద మంది ఉంటే ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా జవాబిస్తారు? ఎవరికి వారు చీటీ మీద అంకె వేయాలి. తర్వాత చీటీలు విప్పి మాట్లాడుకోవాలి. అన్ని ప్రశ్నల సగటే పాస్ మార్కు.

మూడో ప్రశ్న: ఆరు నెలల గర్భిణికి ఫాల్సిపేరం మలేరియా, ఏ మందులిస్తారు, ఏది ఇవ్వరు? ఒక చీటీలో 80. ఇంకో చీటీలో 30. గది ఒక్కసారిగా వేడెక్కింది. 80 వేసినాయన, "ఇది కూడా రాకపోతే ఇంకేం డాక్టరు?" అన్నారు. 30 వేసినామె, "వైవాలో నేనడిగి చూశాను సార్. సగానికి సగం మంది ప్రైమాక్విన్ ఇస్తామనే చెప్పారు" అంది. గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. ఆయన చెప్పింది ఉండాల్సిన సంగతి, ఆమె చెప్పింది ఉన్న సంగతి. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో చదువు చెప్పే వాళ్లందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని లెక్కపెట్టుకోవడం నా సర్వీసులో ఇదే మొదటిసారి చూశాను.

చివరకు ఆ పేపరుకు గీత 58 దగ్గర తేలింది. యూనివర్సిటీ పరీక్షలో 50 శాతం రూలే రూలు, దాన్ని మేం కదపలేం. కానీ లోపలి పరీక్షల పేపరు కూర్పు మా చేతిలో ఉంది. గట్టెక్కదగ్గవాడికి సరిగ్గా 50 వచ్చేలా ప్రశ్నల బరువు సర్దుకుంటే ఆ పాత అంకెకే ఒక అర్థం వస్తుంది. గీత జరపలేనప్పుడు పేపరును గీత దగ్గరికి తేవాలి.

ఆగస్టు 9, పాడేరు

ఆదివాసీ దినోత్సవం. బజారంతా థింసా వరసలే. వీధి చివర డప్పు, కిరిడీ మోత. మా దగ్గర చదివే ఒక గిరిజన అమ్మాయి వాళ్ల ఊరి ఆడవాళ్లతో కువి భాషలో గలగలా మాట్లాడుతోంది. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఇంగ్లీషు వైవాలో తడబడుతుంది, మార్కులు పోతాయి. అదే పిల్లను కొండమీది ఊరికి పంపితే బాలింత దగ్గర కూర్చుని, మిగతావాళ్లకు పూట పట్టే వివరమంతా నిమిషాల్లో రాబడుతుంది. ఆ పనికి మార్కుల షీటులో గడే లేదు.

ఈ పిల్లలకు గ్రేస్ మార్కులు కలిపి జాలి చూపడం కంటే, వాళ్లకు వచ్చిన పనిని పరీక్షలో పెట్టడం న్యాయం. రోగితో రోగి భాషలో మాట్లాడటం కూడా వైద్య నైపుణ్యమే. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు దుబాసీని పెట్టుకుని ఎలా మాట్లాడాలో నేర్చుకుని, అదీ పరీక్షలో చూపించాలి.

ఆగస్టు 23

వానకు దారి తెగిన ఊరు. ఎనిమిదో నెల గర్భిణిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు, అక్కడి నుంచి 108లో పీహెచ్‌సీకి. తలనొప్పి, చూపు మసక. బీపీ 170/110. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఎవరికోసమూ ఎదురుచూడలేదు. మెగ్నీషియం సల్ఫేట్ తీయించింది. ఒక్కో ఆంప్యూల్‌లో ఒక గ్రామే ఉంటుంది. రెండు పిరుదులకూ అయిదేసి గ్రాములు లోతుగా ఇవ్వాలంటే పది ఆంప్యూళ్లు విరగ్గొట్టాలి. నర్సు ఒకటొకటే విరుస్తుంటే తను పైకి లెక్కపెట్టింది. మోకాలి రిఫ్లెక్స్ చూసింది, మూత్రం వస్తోందో లేదో చూసింది, బీపీకి మందు ఇచ్చింది, చీటీ మీద మోతాదూ టైమూ రాసింది, అప్పుడు బండి ఎక్కించింది. దారి పొడవునా ఆ తల్లికి ఫిట్స్ రాలేదు.

ఇంజక్షన్ ఇవ్వకుండా "వెంటనే కిందికి తీసుకెళ్లండి" అని చీటీ రాసి పంపేవాళ్లూ ఉన్నారు. ఊళ్లో పెద్దాసుపత్రి పది నిమిషాల దూరంలో ఉంటే ఆ లోటు కప్పడిపోతుంది. ఇక్కడ కప్పడిపోదు. అందుకే కొండకు తక్కువ చదివిన డాక్టరు చాలనే మాట తలకిందుల మాట. వెనక ఆదుకునేవాళ్లు ఎంత తక్కువగా ఉంటే, కనీసం రావాల్సింది అంత ఎక్కువ.

ఆగస్టు 24

నిన్నటి సంగతే తిరుగుతోంది బుర్రలో. మన పరీక్షలో మార్కులన్నీ ఒకే కుండలో పోస్తాం. ఒకచోట పోయింది ఇంకోచోట కలిసొస్తుంది. గుండె చప్పుళ్లు బాగా చెప్పినందుకు వచ్చిన మార్కులు, మెగ్నీషియం సల్ఫేట్ మోతాదు తెలియనందుకు పోయిన మార్కులను పూడ్చేస్తాయి. మొత్తం మీద 62 శాతం. పాస్. ఆ 62 ఆ తల్లికి ఏ రకంగా పనికొస్తుంది?

కొన్ని పనులకు సగటు పనికిరాదు. ఫిట్స్ రాబోయే గర్భిణి, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, ఊపిరందని పురిటిబిడ్డ, పాము కాటు, స్పృహ తప్పిన మలేరియా. వీటిలో ఒక్కొక్కటీ విడిగా గట్టెక్కాలి.

సెప్టెంబరు 6, కింద, ఒక కాలేజీలో

పరీక్షల డ్యూటీ. పాత పద్ధతిలో లాంగ్ కేసు: విద్యార్థికి ఒక రోగి, ఒక ఎగ్జామినరు, ఆ పూట ఎలా నడిస్తే అలా. ఒకడికి వివరం చక్కగా చెప్పే పెద్దాయన తగిలాడు. పక్కవాడికి చెవులు వినపడని ముసలమ్మ. ఒక ఎగ్జామినరు చిరునవ్వుతో మొదలుపెడతారు, ఇంకొకరు పిడుగులా పడతారు. ఇద్దరు విద్యార్థుల మధ్య మార్కుల తేడాలో ఎంత వాళ్ల చదువు, ఎంత వాళ్ల అదృష్టం?

ఈ బాధతోనే రొనాల్డ్ హార్డెన్ స్కాట్లండ్‌లోని డండీలో 1975లో ఓస్కీ పరీక్షను లోకానికి చూపించాడు. వరసగా గదులు, గది గదికీ ఒక చిన్న పని, గంట కొట్టగానే పక్క గది. అందరికీ అవే పనులు, అదే టైము, ముందే రాసుకున్న చెక్‌లిస్టు. ఒక్క రోగి, ఒక్క ఎగ్జామినరు మీద ఆధారపడే గండం తప్పింది. గీతను కూడా అక్కడే కనుక్కోవచ్చు: ఎగ్జామినరు చెక్‌లిస్టు మార్కులతో పాటు "సరిపడడు, అంచున ఉన్నాడు, సరిపోతాడు" అని విడిగా ఒక మాట రాస్తే, అంచున ఉన్నవాళ్లకు వచ్చిన మార్కుల సగటే ఆ గదికి పాస్ మార్కు అవుతుంది.

అయితే ఓస్కీ కూడా మిల్లర్ చెప్పిన మూడో అంచె దగ్గరే ఆగుతుంది. గంట కొడతారని తెలిసిన గదిలో ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు.

సెప్టెంబరు 14

ఫ్లెక్స్‌నర్ చరిత్ర మళ్లీ చదివాను. ఏబ్రహం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్లు తిరిగి 1910లో నివేదిక రాశాడు. ల్యాబులు లేనివి, ఆసుపత్రి లేనివి, ఫీజు కట్టినవాడికల్లా డిగ్రీ ఇచ్చేవి, అన్నిటినీ కడిగేశాడు. వైద్యవిద్య బాగుపడింది, నిజం. అదే వరదలో నల్లజాతి వాళ్ల మెడికల్ స్కూళ్లూ కొట్టుకుపోయాయి. ఏడింటిలో మిగిలినవి రెండే, హోవర్డ్, మెహారీ. నల్లజాతి డాక్టర్ల కొరత తరాల పాటు తీరలేదు.

పాడేరు గురించి ఆలోచించేటప్పుడు ఇది మరవకూడదు. ప్రమాణం పెంచమని ఉత్తర్వు ఇచ్చి టీచర్లను, పడకలను, ల్యాబును ఇవ్వకపోతే, ఆ ప్రమాణం ఎవరికోసమైతే పెట్టారో వాళ్లనే బయటికి నెడుతుంది. కొండకు టీచర్లు రావడం కష్టమని అందరికీ తెలుసు. క్వార్టర్లు, పిల్లలకు బడి, దుర్గమ ప్రాంతపు అలవెన్సు: ఇవి పరిపాలన విషయాల్లా కనిపిస్తాయి. నా దృష్టిలో ఇవి పరీక్షా ప్రమాణంలో భాగాలే. నేర్పకుండా పరీక్ష పెట్టడం అన్యాయం.

అక్టోబరు 4

నాకు నేనే ఎదురు వాదన పెట్టుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో 2001లో పల్లెల కోసం మూడేళ్ల వైద్య కోర్సు పెట్టారు. నకిలీ డాక్టర్లను తయారుచేస్తున్నారని గగ్గోలు. కొన్నేళ్లకు ఆ కోర్సు మూతపడింది. అప్పటికే చదివినవాళ్లు అడవి ప్రాంతాల పీహెచ్‌సీల్లో పనిచేశారు. 2010లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ వాళ్లు మరికొందరితో కలిసి వాళ్ల సామర్థ్యాన్ని కొలిచారు. పీహెచ్‌సీకి మామూలుగా వచ్చే జబ్బుల విషయంలో ఆ మూడేళ్ల వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లకు తీసిపోలేదని తేలింది.

అంటే నా మాట వీగిపోయిందా? నాకైతే బలపడినట్టే అనిపించింది. ప్రమాణం కోర్సు ఎన్నేళ్లన్న దానిలో లేదు, గోడకు వేలాడే పట్టాలో లేదు. రోగి ముందు ఏం చేయగలరన్నదే ప్రమాణం. దాన్ని కొలిచి చూసే దాకా ఇటు పొగడ్తలూ అటు తిట్లూ రెండూ ఊహలే.

అక్టోబరు 18

2019 నుంచి సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక వచ్చింది. లాగ్‌బుక్కులొచ్చాయి: చూడు, సాయం చెయ్యి, నువ్వే చెయ్యి, టీచరు సంతకం పెట్టించుకో. ఆలోచన గొప్పది. ఈరోజు ఒక లాగ్‌బుక్కు తిరగేశాను. ఎనిమిది పేజీల్లో సంతకాలన్నీ ఒకే తేదీన, ఒకే పెన్నుతో పడ్డాయి. ఏ కాలేజీదో రాయను.

ఒక్కో సంతకం ఒక్కో సాక్ష్యం. "ఈ చేతులు ఈ పని చేయగా నేను కళ్లారా చూశాను" అని రోగికిచ్చే హామీ. చూడకుండా పెట్టిన సంతకం రేపటి రోగిని మోసం చేయడమే. టీచర్లకు టైము లేదన్నది అబద్ధం కాదు. అలాంటప్పుడు నలభై పనులకు ఉత్తుత్తి సంతకాల కంటే పది పనులకు నిజమైన సంతకాలు మేలు.

నవంబరు 15, అరకు దారి

వలిసె పూలు విరగబూశాయి. రోడ్డు పొడవునా కార్లు, ఫొటోలు. మేం డుంబ్రిగుడ దాటి ఒక ఊళ్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కౌన్సెలింగ్‌ను ఓస్కీ గదిలా పెట్టాం. దేశమంతటా ఈ జబ్బును 2047 నాటికి లేకుండా చేయాలని 2023 జూలైలో మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో రక్త పరీక్షలు జరుగుతున్నాయి. రిపోర్టు చేతికొచ్చాక ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది ఎవరు?

ఊళ్లోని ఒక తల్లిని రోగి పాత్ర వేయమని అడిగాం. భార్యాభర్తలిద్దరికీ క్యారియర్ అని రిపోర్టు వచ్చినట్టు. మా హౌస్ సర్జన్ వినయంగా, స్పష్టంగా చెప్పాడు: "నలుగురు పిల్లల్లో ఒకరికి జబ్బు వచ్చే అవకాశం ఉంటుందమ్మా." చెక్‌లిస్టు ప్రకారం అన్ని గడులకూ టిక్కు. బయటికొచ్చాక నేను ఆమెను అడిగాను, ఏమర్థమైంది అమ్మా అని. ఆమె వేళ్లు మడిచి చూపించింది: "ముగ్గురి దాకా భయం లేదు. నాలుగోవాడిని కనకూడదు."

ప్రతి కాన్పుకూ విడివిడిగా నాలుగింట ఒక పాలు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకే రావచ్చు, నలుగురికీ రాకపోవచ్చు. మా చెక్‌లిస్టు డాక్టరు ఏం చెప్పాడో చూసింది, ఆమె ఏం విన్నదో చూడలేదు. సాయంత్రమే ఆ కాగితం మార్చాం. చివరి గడి ఆమెదే: విన్నది ఆమె తన మాటల్లో తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితేనే విద్యార్థికి మార్కులు. రెండోసారి ఆ కుర్రాడు సంచీలోంచి నాలుగు కాఫీ కాయలు తీశాడు, మూడు పచ్చవి, ఒకటి ఎర్రది. గుప్పిట్లో కలిపి, ఒకటి తీయమన్నాడు. దాన్ని మళ్లీ కలిపి, మళ్లీ తీయమన్నాడు. మూడోసారికి ఆమె తలూపి, "ప్రతిసారీ మొదటికొస్తుందన్నమాట" అంది. పూర్తి మార్కులు వేసింది ఆవిడే.

డిసెంబరు 6

వచ్చే ఏడాది లోపలి పరీక్షలకు మా విభాగం ముందు పెట్టబోయే మాటలు, ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒకటి: పాస్ మార్కు పరీక్షకు ముందే తేలాలి, ఫలితాలు చూశాక అటూ ఇటూ జరపకూడదు. రెండు: ప్రాణం మీదికొచ్చే ఆ కొద్ది పనులూ దేనికదే గట్టెక్కాలి, సగటు లేదు. మూడు: ఒక గదిలోనైనా కువి లేదా ఆదివాసీ ఒరియా మాట్లాడే మనిషి రోగిగా ఉండాలి, ఆ మనిషి వేసే మార్కు లెక్కలోకి రావాలి. నాలుగు: పీహెచ్‌సీలో పక్కనుండి చూసే ఆశా, ఏఎన్‌ఎం, నర్సు చెప్పే మాటకు లాగ్‌బుక్కులో చోటుండాలి. మిల్లర్ నాలుగో అంచెను చూస్తున్నది వాళ్లే. అయిదు: తప్పినవాడికి తేదీతో సహా మళ్లీ నేర్పే ఏర్పాటు ఉండాలి, ఆ పని ఫలానా టీచరుదని పేరు రాయాలి.

ఈ అయిదూ పాడేరుకైనా విశాఖకైనా ఒకటే. కొండకొక గీత, మైదానానికొక గీత ఉండకూడదు. దాటలేకపోయిన విద్యార్థికి మళ్లీ నేర్పే బాధ్యత మాది. దాటినవాళ్ల చేతికి మనిషిని అప్పగించే పూచీ కూడా మాదే.